ఆ ఫొటోలో ఉన్నది పిల్లాడు కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నవ్వుల పేజీ కింద, కుడి మూలన ఒక ఫొటో వేశారు. పైన "ఒకటో తారీఖు పొద్దున్నే నేను" అని రాశారు, అది బాగానే ఉంది, నవ్వొచ్చింది కూడా. ఫొటోలో ఒక చిన్న ఆకారం, కుర్చీలో వెనక్కి వాలి, ఊరంతా తనకే బాకీ ఉన్నట్టు ఒక కన్ను కాస్త చిన్నది చేసి పక్కకి చూస్తూ ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో మీవాళ్లు ఇంకో లైను కలిపారు, "ఈ ఆఫ్రికా బుడ్డోడి ఎక్స్‌ప్రెషన్‌కి ఆస్కార్ ఇవ్వాల్సిందే" అని. అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. ఆ బుడ్డోడికి నలభై దాటాయండీ.

పేరు ఒసీటా ఇహేమే. పుట్టింది 1982 ఫిబ్రవరి 20న. సొంత ప్రాంతం నైజీరియా ఆగ్నేయంలో ఇమో రాష్ట్రంలోని ఎంబైటోలి, పెరిగింది పక్కనే ఉన్న అబియా రాష్ట్రంలో. ఇగ్బో మనిషి, అంటే అక్కడి ఒక జాతి, వాళ్ల భాష పేరూ ఇగ్బోయే. ఎనుగు నగరంలో కంప్యూటర్ సైన్స్ చదివారు. ఇరవై ఏళ్లకి పైగా సినిమాల్లో ఉన్నారు, వాళ్ల దేశాధ్యక్షుడి నుంచి జాతీయ పురస్కారం అందుకున్నారు. వయసులో నాకన్నా చాలా చిన్నవారే, మామూలుగా అయితే అతను అని రాసేవాణ్ణి. కానీ ఇన్నేళ్లూ మన ఫోన్లలో అందరూ వాడు, వీడు, బుడ్డోడు అనే అన్నారు కాబట్టి, నేను ఈ ఉత్తరం పొడుగునా ఆయన అనే రాస్తాను. ఎవరో ఒకరు బాకీ తీర్చాలి కదా.

నాకెలా తెలుసు అంటారేమో. నేను 2004 నుంచి 2011 దాకా లాగోస్ శివార్లలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూశాను. పేరు అనవసరం. మన గోదావరి జిల్లాల వాళ్లు అక్కడ నాకు ముందూ ఉన్నారు, తర్వాతా వెళ్లారు. ఏడేళ్లలో నేను నేర్చుకున్నవి మూడు. ఎర్ర మిరపకాయతో చేసిన వాళ్ల కూర మన గుంటూరు కారానికి ఏమీ తీసిపోదని ఒకటి. కరెంటు వచ్చినప్పుడు వీధి వీధంతా "అప్ నెపా" అని అరుస్తారని రెండోది. నెపా అంటే వాళ్ల కరెంటు బోర్డు, 2005లో దాని పేరు మార్చేశారు, అయినా జనం మార్చలేదు, మనం ఇప్పటికీ ట్రాన్స్‌కో, డిస్కం అనకుండా కరెంటాఫీసు అన్నట్టు. మూడోది వాళ్ల సినిమా.

ఆ సినిమాలు నాకు థియేటర్లో కాదు, ట్రాఫిక్‌లో పరిచయం అయ్యాయి. ఒషోడి అని లాగోస్‌లో ఒక కూడలి. పసుపుపచ్చ డాన్ఫో వ్యాన్లు, ఒకాడా బైకులు, లారీలు అన్నీ కలిసి ముడిపడిపోతే దాన్ని వాళ్లు గో స్లో అంటారు, అంత ముద్దుగా పిలవాల్సిన విషయం అయితే కాదు. బండి ఆగిన మరుక్షణం కిటికీ దగ్గరకి అంగడి వచ్చేస్తుంది. నీళ్ల ప్యాకెట్లు, అరటికాయ చిప్స్, ఎలుకల మందు, ఇస్త్రీ పెట్టె, గోడ గడియారం. ఒకసారి ఒక కుర్రాడు చేతి నిండా వీసీడీలు విసనకర్రలా పరిచి పట్టుకుని అద్దం మీద కొట్టాడు. కవరు మీద రెండు చిన్న ముఖాలు, ఒకటి ఇంత నోరు తెరిచి అరుస్తోంది, రెండోది ఇప్పుడు మీరు వేసిన ఫొటోలో చూపే చూస్తోంది. పిల్లల సినిమా అనుకుని మా అబ్బాయికి పంపుదామని రెండొందల నైరాకి బేరం ఆడుతుంటే మా డ్రైవరు స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వుతున్నాడు. "ఓగా, దీజ్ ఆర్ నాట్ చిల్డ్రన్ ఓ" అన్నాడు, ఓగా అంటే అయ్యగారూ అని. నమ్మలేదు. మీ సబ్ ఎడిటర్ కూడా ఎవరైనా చెప్తే నమ్మి ఉండరు, కాబట్టి నేను ఆయన్ని మరీ తప్పుపట్టను.

ఆ సినిమా పేరు అకీ నా ఉక్వా, 2002లో వచ్చింది. ఇగ్బోలో అకీ అంటే పామ్ చెట్టు గింజ, ఉక్వా అంటే వాళ్లు గింజలు ఉడకబెట్టుకు తినే ఒక రకం సీమపనస. ఇద్దరు అన్నదమ్ములు, అకీ, పాపా. పాపా అంటే మన పాప కాదండోయ్, బొప్పాయి, ఇంగ్లీషులో పాపా అంటారు. ఊళ్లో పెద్దల్నీ బళ్లో అయ్యవార్లనీ కన్న తల్లిదండ్రుల్నీ ఏడిపించి చంపే అల్లరి. అకీగా వేసినాయన చినెడు ఇకెడియేజే, పాపాగా వేసినాయన మన ఒసీటా ఇహేమే. సినిమాలో అన్నదమ్ములే కానీ బయట ఏ చుట్టరికమూ లేదు. ఆ సినిమా నాటికి ఒసీటాకి ఇరవై, చినెడుకి ఇరవై అయిదు దగ్గర.

రాత్రి గెస్ట్‌హౌస్‌లో చూశాం, నేనూ ఇద్దరు గుజరాతీ ఇంజినీర్లూ వంటాయనా. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ జనరేటర్ తాడు లాగి మళ్లీ మొదలుపెట్టాం. సౌండ్ ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంది. వెనకాల కోడి కూస్తోంది, అది సినిమాలో కోడో బయట కోడో తెలియదు. సాంకేతికంగా చెప్పాలంటే మన పాత దూరదర్శన్ సీరియల్ దీనికన్నా బాగా తీసేవాళ్లు. కానీ నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాం. గొడవ మంచి పట్టులో ఉండగా సినిమా ఆగిపోయి, తెర మీద దేవుడికి మహిమ కలుగు గాక అని పడింది, పార్ట్ 2 చూడమన్నారు. మాకు పార్ట్ 2 ఉంటుందని తెలియదు! మర్నాడు డ్రైవరే తెచ్చిపెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. అతనిదీ ఇమో రాష్ట్రమే. "మై బ్రదర్" అన్నాడు ఒసీటాని చూపించి. నిజంగా అన్నదమ్ములని కాదు, మనం ఎన్టీఆర్‌ని మా నిమ్మకూరు ఆయన అన్నట్టు.

ఇంతకీ అక్కడ మమ్మల్ని ఏమనేవాళ్లో తెలుసా, ఓయిబో. అంటే తెల్లవాడు! నా రంగు చూసిన మా తణుకు జనం ఎవరైనా ఈ మాట వింటే ఊరేగింపు తీస్తారు. అప్పుడర్థమైంది నాకు, పక్కవాడికి పేరు పెట్టేటప్పుడు జనం కళ్లతో చూసి పెట్టరు, అలవాటుతో పెట్టేస్తారు. సరే, అది వేరే సంగతి.

ఈ సినిమాలు అలా చౌకగా, ముక్కలు ముక్కలుగా ఎందుకు ఉండేవో కూడా చెప్పాలి, లేకపోతే ఒసీటా కష్టం అర్థం కాదు. నైజీరియాలో 1980లు వచ్చేసరికి ఆర్థికంగా దెబ్బ తగిలి, రాత్రిపూట బయటికి వెళ్లాలంటే భయమై, థియేటర్లు చాలా మూతపడ్డాయి. 1992లో కెన్నెత్ న్నెబువే అనే వ్యాపారి లివింగ్ ఇన్ బాండేజ్ అని ఇగ్బోలో ఒక సినిమా తీయించి నేరుగా వీడియో క్యాసెట్ మీద అమ్మాడు. తైవాన్ నుంచి తెచ్చిన ఖాళీ క్యాసెట్లు అమ్ముడుపోక, వాటి మీద ఏదైనా ఉంటే అమ్ముడుపోతాయని తీశాడని అక్కడ అందరూ చెప్పుకునే కథ. ఎలా అయితేనేం, అది విపరీతంగా అమ్ముడుపోయింది. ఇక అక్కడినుంచి సినిమా అంటే థియేటర్ వాళ్లది కాకుండా బజారు వాళ్లదైంది. లాగోస్‌లో ఇడుమోటా, అలాబా, తూర్పున ఒనిచా, ఈ మార్కెట్లలో షాపులున్న మార్కెటర్లే నిర్మాతలు, డిస్ట్రిబ్యూటర్లు, ఫైనాన్షియర్లు. ఎనుగు, అసాబా లాంటి ఊళ్లలో ఎవరిదో ఇల్లు అద్దెకి తీసుకుని వారం పది రోజుల్లో సినిమా చుట్టేసేవాళ్లు. ఒక కథని సాగదీసి పార్ట్ 1, పార్ట్ 2 చేస్తే రెండు డిస్కులు అమ్ముకోవచ్చు.

యునెస్కో 2009లో ఒక లెక్క బయటపెట్టింది. 2006లో ఇండియా 1,091 సినిమాలు తీస్తే నైజీరియా 872 తీసింది, అమెరికా 485. అంటే సంఖ్యలో మన తర్వాత వాళ్లే. మన పత్రికల్లో హాలీవుడ్ హీరోయిన్ కుక్కపిల్ల పేరు కూడా వస్తుంది, ఈ 872 సినిమాల్లో ఒక్కదాని పేరు వచ్చినట్టు నాకు గుర్తులేదు.

మార్కెటర్ల పెత్తనం ఎంత అంటే, 2004లో, అంటే నేను వెళ్లిన ఏడాదే, పారితోషికం ఎక్కువ అడుగుతున్నారని జెనీవీవ్ నాజీ, ఒమోటోలా లాంటి టాప్ స్టార్లనే పక్కన పెట్టేశారు. స్టార్ల పరిస్థితే అది. అలాంటి బజార్లో పిల్లాడంత ఎత్తున్న మనిషి నిలబడి, తన ముఖం కవరు మీద వేస్తే డిస్కు అమ్ముడుపోతుంది అనే స్థాయికి రావడం మామూలు విషయమా? ఒసీటా, చినెడు జంట కవరు మీద ఉంటే చాలు అనే రోజులు నేను కళ్లారా చూశాను. 2 ర్యాట్స్, బేబీ పోలీస్, ఇలా ఏడాదికి ఎన్ని వచ్చేవో, లెక్క నాకే అందేది కాదు. డిస్కుల కుర్రాడికి నా ముఖం గుర్తుండిపోయి, బండి ఆగగానే "ఓయిబో, న్యూ పాపా" అని పరిగెత్తుకొచ్చేవాడు.

అయితే ఆ అమ్మకమే ఒక బోను కూడా. ఇద్దరికీ ఎప్పుడూ పిల్లల వేషాలే. నిక్కరు, బడి సంచీ, వాతలు, చెవి మెలి. పాతికేళ్లు దాటిన మనిషి, ముప్ఫైకి దగ్గర పడుతున్న మనిషి, మళ్లీ మళ్లీ తల్లి చేత చీపురు దెబ్బలు తినే సీను. మొదట్లో నేనూ నవ్వాను, ఒక రెండేళ్లకి నవ్వు తగ్గి కొంచెం ఇబ్బంది మొదలైంది, దాచుకోవడం ఎందుకు.

అయినా ఆయన అందులో ఏం చేశారో చూడండి. ఇదే నేను అసలు చెప్పదలచుకున్నది, మీరు మిగతా ఉత్తరం కత్తిరించినా ఈ ముక్క ఉంచండి. పిల్లాడు అల్లరి చేస్తే మనం ఒకలా నవ్వుతాం, అందులో తెలియనితనం ఉంటుంది. ఒసీటా ముఖంలో తెలియనితనం ఉండదు. నిక్కరు వేసుకున్న ఒంటి మీద, నాలుగు వడ్డీ వ్యాపారాలు చేసి ఇద్దరు అల్లుళ్లతో వేగిన పెద్దమనిషి ముఖం ఉంటుంది. ఎదుటివాడు మాట్లాడుతుంటే వెంటనే జవాబివ్వరు. ఒక క్షణం ఆగుతారు. ముందు కళ్లు పక్కకి వెళ్తాయి, తర్వాత తల, ఆ తర్వాత పెదవి ఒక పక్క మాత్రం కదులుతుంది. చినెడు ఉరుకులు పరుగులు, అరుపులు, ఒంటినంతా వాడతారు. ఒసీటా పక్కన నిలబడి ముఖంతోనే పని కానిస్తారు. ఒకరు టపాకాయ, ఒకరు వత్తి అనుకోండి. మీ పేజీలో పడ్డ ఆ చూపు అలాంటి ఆగిన క్షణం లోంచి ఎవరో పట్టుకున్న ఫ్రేమే. సినిమా చూడనివాడికి, భాష రానివాడికి, నైజీరియా మ్యాపులో ఎక్కడుందో తెలియనివాడికి కూడా "ఒకటో తారీఖు పొద్దున్నే నేను" అని అర్థమైపోయిందంటే కారణం అదే. నిజంగా పిల్లాడి ముఖమైతే ఆ భావం రాదు సార్, ఎంత గింజుకున్నా రాదు. బుడ్డోడు అని రాయగానే అంతా ప్రకృతి సహజం అయిపోతుంది, ఏదో కోతిపిల్ల వేషాల్లాగా, అందులో నటన అనేదే లేనట్టు.

వాళ్ల దేశం వాళ్లు ఇది గుర్తించారు. 2007లో ఆఫ్రికా మూవీ అకాడెమీ అవార్డుల్లో ఇద్దరికీ జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. జీవిత సాఫల్యం, పాతికేళ్ల వయసుకి! ఆ వార్త మా డ్రైవరు చెప్పినప్పుడు జోకు అనుకున్నాను. 2011లో అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ హయాంలో ఇద్దరికీ మెంబర్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ది ఫెడరల్ రిపబ్లిక్ అనే పురస్కారం. మన పద్మ పురస్కారాల లాంటి వరసలో ఒక మెట్టు అనుకోవచ్చు. నేను తిరిగొచ్చేసిన ఏడాది అది. ఒసీటా యువకుల కోసం ఒక సంస్థ కూడా పెట్టారు, ఒక పుస్తకం రాశారు. ఆస్తి ఎంత, కార్లు ఎన్ని అని ఇంటర్నెట్లో ఏవేవో లెక్కలు కనిపిస్తాయి, అవి నేను నమ్మను, మీరూ దయచేసి వెయ్యకండి.

మనకి ఆయన ముఖం చేరింది 2019 ప్రాంతంలో. పాత నైజీరియా సినిమాల్లోంచి ముక్కలు తీసి పెట్టే నాలీవుడ్ రోల్ (నాలీవుడ్ అంటే నైజీరియా సినిమాకి పెట్టుకున్న పేరు) అనే ట్విట్టర్ ఖాతా ఒకటి బాగా పాకింది, అక్కడినుంచి ప్రపంచం అంతా. ఎక్కడో ఎనుగులో అద్దె ఇంట్లో తీసిన సీను, సరైన లైటు కూడా లేని సీను, బ్రెజిల్ వాడికీ భీమవరం వాడికీ ఒకేలా పనికొచ్చింది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెయింటెనెన్స్ కట్టనివాళ్ల మీద సెక్రటరీ గారు వేసేది ఆయన బొమ్మే. మా మేనల్లుడి పెళ్లిలో భోజనాల వీడియోకి కూడా ఎడిటింగ్ కుర్రాడు ఆయన్నే తగిలించాడు, అప్పడం రెండోసారి అడిగిన పెదనాన్న ముఖం పక్కన. ఇన్ని చోట్ల పనిచేసిన నటుడికి ఒక్క పైసా రాదు, సినిమా తీసినప్పుడు ఇచ్చింది ఇచ్చారు, అంతే. మీమ్‌కి రాయల్టీ అడిగేవాడు ఎవడు, ఇచ్చేవాడు ఎవడు. అది మీ చేతుల్లోదీ కాదు నా చేతుల్లోదీ కాదు. అక్కడ మాత్రం ఈ గాలిని కొంచెం తెరచాపకి పట్టారు. 2021 డిసెంబర్‌లో అకీ అండ్ పాపా అని కొత్త సినిమా వచ్చింది, బియోడున్ స్టీఫెన్ అనే ఆవిడ డైరెక్టరు. అదే జంట, ఈసారి లాగోస్ వచ్చి సోషల్ మీడియాలో ఫేమస్ అయ్యే కథ. తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లోనూ వచ్చింది. పాతదాని అల్లరి ఇందులో లేదనిపించింది నాకు. చక్కటి కెమెరా, చక్కటి బట్టలు, కానీ వెనకాల కోడి కూయదు.

పైసలు మన చేతుల్లో లేవు, పేరు ఉంది కదా. మా తణుకు పక్కనే అత్తిలి. అక్కడ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసిన బ్రహ్మానందం గారి ముఖం లేకుండా తెలుగువాళ్ల ఒక్క గ్రూపు అయినా నడుస్తుందా? ఆయన ముఖం ఇప్పుడు భాష రానివాళ్లు కూడా వాడుతున్నారు. రేపు లాగోస్‌లో ఒక పేపరు ఆయన ఫొటో వేసి, కింద "ఈ ఇండియా బట్టతలాయన ఎక్స్‌ప్రెషన్ చూడండి" అని రాసిందనుకోండి. పద్మశ్రీ తీసుకున్న మనిషిని, గిన్నిస్ బుక్‌లో ఎక్కిన మనిషిని పట్టుకుని! మీరు ఆదివారం అనుబంధంలో మొదటి పేజీ వ్యాసం వేసేవాళ్లు, నాకు తెలుసు. నేనూ లైక్ కొట్టేవాణ్ణి.

ఇంకా దగ్గర సంగతి ఒకటి ఉంది, అది చెప్పాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. పొట్టి వీరయ్య గారు. విఠలాచార్య జానపదాలు చూసి పెరిగిన నా వయసు వాళ్లకి ఆయన తెలియకపోవడం ఉండదు. బౌద్ధ స్తూపం ఉన్న ఫణిగిరి ఆయన ఊరు, అప్పటి నల్గొండ జిల్లా. 2021 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో పోయారు. ఆ రోజు పేపర్లో చదివేదాకా ఆయన ఇంటిపేరు గట్టు అని నాకు తెలియదు. గట్టు వీరయ్య. జీవితమంతా టైటిల్స్‌లో ఇంటిపేరు స్థానంలో పొట్టి అనే పడింది, చివరికి చావు వార్త హెడ్డింగ్‌లో కూడా అదే పడింది. ఆయన కాదన్నారో లేదో వేరే సంగతి, అడిగే పరిస్థితి ఎవరైనా కల్పించారా అనేది నా ప్రశ్న. నైజీరియా వాళ్లు ఒసీటాని పాపా అని ముద్దుగా పిలుస్తారు, అది వేషం పేరు, మనం ఒకాయన్ని సుత్తి వీరభద్రరావు అన్నట్టు. పొలం గట్టున కూర్చున్న ముసలాయనకి కూడా ఒసీటా ఇహేమే అనే పూర్తి పేరు తెలుసు.

కేరళ వాళ్లు ఈ పేరు గొడవ మీద ఏకంగా సినిమానే తీశారు. 2018లో వచ్చిన సూడానీ ఫ్రమ్ నైజీరియా. మలప్పురంలో సెవెన్స్ ఫుట్‌బాల్, అంటే జట్టుకి ఏడుగురు ఆడే ఆట, ఆడటానికి ఆఫ్రికా ఆటగాళ్లని తెచ్చుకుంటారు, ఏ దేశం వాడొచ్చినా అక్కడి జనానికి సూడానీయే. ఆ పేరులోనే సినిమా చురక ఉంది. అందులో ఆటగాడిగా వేసింది లాగోస్ కుర్రాడు శామ్యూల్ అబియోలా రాబిన్సన్. దెబ్బ తగిలి మంచాన పడ్డ ఆ కుర్రాడికి మేనేజరు తల్లి, పక్కింటి పెద్దావిడ, భాష రాకపోయినా సేవ చేసే సీన్లు చూస్తే మనకి మన ఇల్లే గుర్తొస్తుంది. ఉత్తమ మలయాళ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది దానికి. తెలుగులో అలాంటిది ఎప్పుడొస్తుందో తెలియదు, మన సినిమాల్లో ఆఫ్రికా మనిషి కనిపిస్తే విలన్ వెనకాల గొలుసు వేసుకుని నిలబడటానికే.

మీ పేపర్లో అయితే నైజీరియన్ అనే మాట ఎక్కడ కనిపిస్తుందో ఒకసారి మీరే చూసుకోండి. డ్రగ్స్, లేదా సైబర్ మోసం. అవి జరగట్లేదని నేను అనను, పోలీసులు పట్టుకుంటే వార్త వెయ్యాల్సిందే. కానీ నాలాంటి పాఠకుడికి ఏడాదంతా ఆ రెండు చోట్లే ఆ మాట కనిపించి, మూడో చోట ఎవరైనా నవ్వించే మనిషి కనిపిస్తే మాత్రం పేరూ దేశమూ పోయి "ఆఫ్రికా బుడ్డోడు" అయిపోతే, టోలిచౌకిలో అద్దె ఇల్లు వెతుక్కునే ఆఫ్రికా స్టూడెంటుని ఇంటి ఓనరు ఎలా చూస్తాడు చెప్పండి.

అక్కడ మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉత్తరాది నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్ ఉండేవాడు, కానో ప్రాంతం, హౌసా మనిషి. ఆ వైపు హిందీ సినిమాలంటే మూడు తరాల పిచ్చి. నేను ఇండియా అని తెలిసిన రోజు నుంచీ పొద్దున్నే హిందీ పాట పాడి తలుపు తీసేవాడు, ఒక్క ముక్క అర్థం తెలియకుండా, రాగం మాత్రం ఎక్కడా తప్పకుండా. హీరో పేరు, హీరోయిన్ పేరు, అన్నీ చెప్పేవాడు. నన్ను ఇంకో పాట అడిగాడు, నాకు రాలేదు. మా భాష వేరు అంటే చాలా జాలిగా చూశాడు. హిందీ రాని ఇండియా మనిషిని అతను అంతకుముందు చూసి ఉండడు. అతని దగ్గర నేను ఓడిపోయాను గానీ, ఒక సంగతి గమనించండి, అతనికి మన నటుల పేర్లు తెలుసు.

ఉత్తరం పొడుగైంది, క్షమించాలి. రిటైరైనవాడి ఉత్తరాలు ఇలాగే ఉంటాయి. నేను అడిగేది పెద్దదేం కాదు. సవరణ అని రెండో పేజీలో పెట్టె కట్టి వెయ్యక్కర్లేదు. వచ్చే ఆదివారం అదే మూలన, అదే సైజులో, ఆ ఫొటో కింద ఆయన పేరు వెయ్యండి. మళ్లీ ఎప్పుడు ఆయన బొమ్మ వాడినా పక్కన ఒక చిన్న లైను, ఒసీటా ఇహేమే, నైజీరియా నటుడు అని. నాలుగు మాటలే, అక్కడ పట్టే చోటు కూడా ఉంది, నేను స్కేలు పెట్టి చూశాను. జంటగా ఉన్న బొమ్మ అయితే చినెడు ఇకెడియేజే పేరు కూడా వెయ్యండి. ఆయన ఇంటిపేరు కంపోజింగ్‌లో నలిగిపోయే అవకాశం ఉంది, కాబట్టి విడిగా రాస్తున్నాను: ఇ-కె-డి-యే-జే.

అలాగే మీ సినిమా పేజీలో రోజూ ఎడమ పక్కన "ఈ రోజు పుట్టినరోజు" అని చిన్న కాలమ్ వేస్తారు కదా. ఫిబ్రవరి 20న ఒక పేరు కలపండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా.

తా.క. అకీ నా ఉక్వా పార్ట్ 2 డిస్కు కవరు జిరాక్స్ జతచేశాను. కుడి పక్కన ఉన్నది ఒసీటా గారు. డిస్కు నా దగ్గరే ఉంది, ఆడించే ప్లేయరే ఇప్పుడు ఊళ్లో ఎక్కడా దొరకట్లేదు.